అమెరికాలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ – 3వ పాఠం: హుడ్ కింద మొదటి గంట

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అంటే బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసుకుంటూ విమానం నడిపే అర్హత. దానికి కావాల్సిన గంటల లెక్క పోయిన పాఠంలో చూశాం. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) అడిగే 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయంలో కనీసం 15 గంటలు ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండాలి. టీఎస్‌ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి ఇంకా రానివాళ్లు ముందు ఆ పని చూసుకోండి.

హుడ్ అంటే టోపీ అంచులా కళ్ల మీదికి దిగే ప్లాస్టిక్ ముక్క. అది పెట్టుకున్నాక ప్యానెల్ (ముందుండే పరికరాల బోర్డు) తప్ప బయటిదేదీ కనిపించదు. అప్పటిదాకా నమ్ముకున్న ఒళ్లే మోసం చేయడం మొదలుపెడుతుంది. ఎందుకో ఇంట్లోనే చూడొచ్చు. గ్లాసులో మజ్జిగ పోసి, గ్లాసును తిప్పండి. మొదట గ్లాసే తిరుగుతుంది, మజ్జిగ కదలదు. తిప్పుతూనే ఉంటే కాసేపటికి మజ్జిగ కూడా దాంతోపాటే తిరుగుతుంది. చటుక్కున ఆపండి, మజ్జిగ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. మన లోపలి చెవి నాళాల్లోని ద్రవమూ అంతే. ఒకే తీరున సాగే టర్న్‌లో కాసేపటికి తిరుగుతున్నట్టే అనిపించదు. రెక్కలు సమం చేయగానే ఎదురువైపుకు ఒరిగిపోతున్నట్టు ఉంటుంది.

మొదటిసారి ఎడమ టర్న్ తర్వాత నాకు అలా అనిపించినప్పుడు యాటిట్యూడ్ ఇండికేటర్ (విమానం ఎటు ఎంత వంగిందో చూపే పరికరం) చెడిపోయిందనుకుని మళ్లీ ఎడమకే వంచాను. హెడింగ్ (ముక్కు ఉన్న దిశ) సరిచేద్దామని ఆ ఇండికేటర్ మీదే కళ్లు పెట్టేసరికి 300 అడుగులు దిగిపోయాను. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనకుండా ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం) మీద వేలు పెట్టారు. ఆ వేలు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అందుకే చూపు తిప్పడం నేర్చుకోవాలి. యాటిట్యూడ్ ఇండికేటర్ ఇంటి గుమ్మం లాంటిది. అక్కడినుంచి ఆల్టిమీటర్‌కు వెళ్లి మళ్లీ గుమ్మానికి రండి. హెడింగ్‌కు వెళ్లి మళ్లీ గుమ్మానికి. స్పీడ్‌కు వెళ్లినా అంతే. ఎక్కడా కళ్లు అతుక్కుపోకూడదు. పాత సెస్నా 172 (చిన్న శిక్షణ విమానం) ప్యానెల్ ఫోటో ప్రింట్ తీసి గోడకు అంటించండి. రోజూ పది నిమిషాలు ఈ వరసను నోటితో పైకి చెబుతూ చూపు తిప్పండి. చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది గానీ గాల్లో గంటకు పెట్టే డాలర్లు దీంతో చాలా మిగులుతాయి.

గాల్లో చేయాల్సింది ఒక్కటే: 100 నాట్ల వేగంతో సుమారు 15 డిగ్రీలు వంచి స్టాండర్డ్ రేట్ టర్న్. సెకనుకు 3 డిగ్రీల చొప్పున పూర్తి చుట్టుకు 2 నిమిషాలు. ఎత్తు 100 అడుగులకు మించి మారకూడదు. పరీక్షలోనూ అదే హద్దు, కాబట్టి మొదటి రోజునుంచే పట్టుబట్టండి. టెన్షన్‌తో యోక్‌ను (విమానం స్టీరింగ్‌ను) గట్టిగా పట్టుకుంటున్నారేమో చూసుకోండి. రెండు వేళ్లు చాలు.

ఇంకో సంగతి. పాత 172ల్లో యాటిట్యూడ్, హెడింగ్ ఇండికేటర్లు రెండూ వాక్యూమ్ పంపు (గాలిని లాగే పంపు) మీద నడుస్తాయి, టర్న్ కోఆర్డినేటర్ (ఎంత వేగంగా తిరుగుతున్నామో చూపేది) కరెంటు మీద. పంపు ఆగిపోతే గుమ్మమే మెల్లగా ఒరిగి అబద్ధం చెబుతుంది. వచ్చే పాఠంలో ఆ రెండింటినీ కాగితంతో మూసేసి ఎగురుదాం.