సీగల్ తల కాదు, రెక్క చూడండి

చెన్నై నుంచి పక్షులు చూడ్డానికి అక్టోబరు, నవంబరుల్లో పులికాట్ (అదే, మన ప్రళయ కావేరి) వెళ్తున్నారా? మధ్యాహ్నం మూడు దాటాక, నీళ్లు మీకు తూర్పున ఉండేలా నిలబడండి. ఎండ మీ వీపు మీద ఉంటుంది, పక్షుల రంగులు తేటగా కనిపిస్తాయి. పొద్దున అదే చోట అన్నీ నల్లటి నీడలే.

ఇక్కడికి వచ్చే సీగల్స్‌లో ఎక్కువ బ్రౌన్ హెడెడ్ గల్స్. లడఖ్, టిబెట్ వైపు పిల్లల్ని చేసి, చలికాలానికి మన తీరానికి దిగుతాయి. పేరు చూసి గోధుమరంగు తల కోసం వెతక్కండి. చలికాలంలో ఆ రంగు పోయి, తల తెల్లబడి, కంటి వెనక చిన్న నల్ల మచ్చ మిగులుతుంది. బ్లాక్ హెడెడ్ గల్‌కీ అంతే! నేనైతే మొదటి ఏడాదంతా రెండింటినీ ఒకే పేరుతో రాసుకున్నాను. ఎగిరినప్పుడు నల్లటి రెక్క కొసల్లో తెల్ల చుక్కలుంటే బ్రౌన్ హెడెడ్. రెక్క ముందంచు తెల్లగా మెరిసి, కొసన సన్నటి నలుపు మాత్రమే ఉంటే బ్లాక్ హెడెడ్. ఈ గుర్తులు పెద్దవాటికే. పిల్ల గల్స్ మీద పందెం కాయకండి.

అరుదైనది దొరకాలంటే కూర్చున్న గుంపును ఒక చివర నుంచి ఒక్కొక్కటిగా చూడాలి. అన్నీ గాలికి ఎదురుగా తిరిగి నిలబడతాయి కాబట్టి పోల్చడం తేలిక. పక్కవాటికంటే బాగా పెద్దగా, పసుపు ముక్కు మీద నల్ల పట్టీతో ఒకటి కనిపిస్తే అది పల్లాసెస్ గల్. ఆ సంబరంలో దగ్గరికి మాత్రం పరిగెత్తకండి, గుంపు మొత్తం లేచిపోతుంది.