సన్నని మాటలు, 7వ పాఠం: స్లెండర్

పోయిన పాఠంలో 'స్కిన్నీ' అంటే సన్నగా ఉండటం అని చెప్పి వదిలేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో నా సాయంత్రం క్లాసుకు వచ్చే ఒకాయన చెల్లెలి పెళ్లి బయోడేటాలో ఆ మాటే టైప్ చేసి, పాతిక జిరాక్సులు తీయించాడు. ఆ అమ్మాయి చూసి, "అన్నా, నన్ను బక్కపీనుగ అంటవా?" అని ఆ రాత్రి అన్నం ముట్టలేదట. తప్పు నాదే. స్కిన్నీలో ఎముకలు లెక్కపెట్టే ఎత్తిపొడుపు ఉంది. అక్కడ రాయాల్సింది 'స్లెండర్'. నాజూగ్గా, చూడముచ్చటగా సన్నం. (అసలు బయోడేటాలో ఒంటి వర్ణన ఎందుకో, అది వేరే గొడవ.)

ఇది విశేషణమని మీకు తెలుసు. పలకడం మాత్రం రాలేదు. క్లాసులో సగం మంది 'సిలెండర్' అంటున్నారు. అది గ్యాస్ బండ! మాట మొదట్లో రెండు హల్లులు కలిసొస్తే మన నాలుక ఊరుకోదు, ఎక్కడో ఒక అచ్చు దూరుస్తుంది. స్కూలు ఇస్కూలైంది అలాగే. "షీ ఈజ్ సిలెండర్" అన్నారంటే పిల్లను 14.2 కిలోల గ్యాస్ పట్టే బండతో పోల్చినట్టే. ముందు పాము బుసలా 'స్స్స్' అనండి. గాలి ఆపకుండా 'లెన్' అనండి. ఆ తర్వాత 'డర్'. పలుకుతూ బల్ల మీద చేత్తో కొట్టండి, రెండే దెబ్బలు పడాలి. మూడు పడ్డాయా, బండ వచ్చినట్టే. మళ్లీ మొదటినుంచి.

ఈ మాట మనుషులకే కాదు. దేవాంగపిల్లి ఇంగ్లీషులో 'స్లెండర్ లోరిస్', పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ దానివి. సన్న బియ్యం రకాలకూ ఇదే మాట. మన రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, 'షార్ట్ స్లెండర్'. బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 'మీడియం స్లెండర్'.

మజ్జిగకు, చారుకు, దుప్పటికి మాత్రం వాడకండి. నా అడ్డదారి ఇది: తెలుగులో 'పలచన' అనగలిగిన చోట స్లెండర్ కుదరదు, 'థిన్' అనండి.

ఆశ, రాబడి, మెజారిటీ లాంటి వాటి ముందు ఇందులోని అందం పోయి కొరతే మిగులుతుంది. 'స్లెండర్ హోప్' అంతంతమాత్రపు ఆశ. 'స్లెండర్ మెజారిటీ' బొటాబొటి మెజారిటీ. 'ఎ మ్యాన్ ఆఫ్ స్లెండర్ మీన్స్' అంటే నాజూకు మనిషి అనుకునేరు, చాలీచాలని రాబడివాడు.

అభ్యాసం: ఇంట్లో బియ్యం నుంచి విరగని గింజలు పది ఏరండి. కొసకు కొస తగిలేలా స్కేలు పక్కన వరస పెట్టి పొడవు, పక్కపక్కన చేర్చి వెడల్పు కొలవండి. పొడవును వెడల్పుతో భాగించండి. మూడు, ఆపైన వచ్చి, ఒక్కో గింజ ఆరు మిల్లీమీటర్లకు తగ్గకపోతే 'లాంగ్', తగ్గితే 'షార్ట్'. రెండున్నరకూ మూడుకూ మధ్య వచ్చి, గింజ ఆరులోపు ఉంటే 'మీడియం'. మీది ఏ స్లెండరో ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాసి తెండి. ఆ బయోడేటాల వెనకవైపు ఖాళీయే కాబట్టి, అన్నగారు వాటి మీదే రాసుకు రావచ్చు.