ఒకే సర్వర్ మీద ఎయిర్‌ఫ్లో 3: మొదటి స్టార్ట్‌కు ముందే తేల్చుకోవాల్సినవి

రాత్రిపూట నడిచే డేటా లోడ్లు, రిపోర్టులు, ఫైల్ బదిలీలు క్రాన్ (లినక్స్‌లో టైము ప్రకారం కమాండ్లు నడిపే టూల్)తో కొంతకాలం బాగానే గడుస్తాయి. ఒక పని ముగిశాకే ఇంకొకటి మొదలవ్వాలి, మధ్యలో ఫెయిలైతే అక్కడి నుంచే మళ్ళీ నడవాలి, నిన్న ఏం జరిగిందో స్క్రీన్ మీద కనిపించాలి అంటే మాత్రం క్రాన్ చాలదు. అపాచీ ఎయిర్‌ఫ్లో ఉన్నది ఆ పనికే. దాని గురించి వెతికితే కుబర్నెటిస్, సెలరీ, రెడిస్ అంటూ పెద్ద పెద్ద డయాగ్రామ్‌లు కనిపించి భయపెడతాయి. రోజుకు కొన్ని వందల టాస్కులు నడిపే టీముకు అవేవీ అక్కర్లేదు. ఒక లినక్స్ సర్వర్, దాని మీదే పోస్ట్‌గ్రెస్, లోకల్ ఎగ్జిక్యూటర్ (టాస్కులను అదే మెషీన్‌లో నడిపే ఎయిర్‌ఫ్లో పద్ధతి) ఉంటే చాలు.

ఇన్‌స్టాల్ కమాండ్ కొద్ది నిమిషాల పని. నెలల తరబడి ఇబ్బంది పెట్టేది అది కాదు. ఏ డేటాబేస్, ఏ యూజర్, కీలు ఎక్కడ అన్నవి తేల్చుకోకుండా స్టార్ట్ చేసేయడమే. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం వాటి గురించే.

ఇక్కడ చెప్పేవన్నీ ఉబుంటు 24.04, దానితో వచ్చే పైథాన్ 3.12, పోస్ట్‌గ్రెస్ 16, ఎయిర్‌ఫ్లో 3 సిరీస్‌కు వర్తిస్తాయి. 3.0 వచ్చింది 2025 ఏప్రిల్‌లో. అంతకు ముందు రాసిన గైడ్లు ఎదురుగా పెట్టుకుంటే దారి తప్పుతారు: వెబ్‌సర్వర్ స్థానంలో ఏపీఐ సర్వర్ వచ్చింది, డాగ్ ఫైళ్ళు (ఏ టాస్క్ తర్వాత ఏది నడవాలో చెప్పే పైథాన్ ఫైళ్ళు) చదివే ప్రాసెసర్‌ను విడిగా నడపాలి, ‘డీబీ ఇనిట్’ కమాండ్ లేదు.

మెషీన్ విషయానికొస్తే, 4 జీబీ ర్యామ్‌కు తగ్గితే పని జరగదు. 8 జీబీ, 4 కోర్లు ఉంటే నిశ్చింత. ఇది ఎయిర్‌ఫ్లోకు, పోస్ట్‌గ్రెస్‌కు మాత్రమే. లోకల్ ఎగ్జిక్యూటర్‌లో టాస్కులు కూడా ఇదే మెషీన్‌లో నడుస్తాయి కాబట్టి, పాండాస్‌తో 3 జీబీ ఫైల్ చదివే టాస్క్ ఉంటే దాని ర్యామ్ అదనంగా లెక్కేసుకోవాలి.

యూజర్, డైరెక్టరీ

ఎయిర్‌ఫ్లో పేరుతోనే ఒక సిస్టమ్ యూజర్‌ను తయారు చేయండి. ‘ఆప్ట్’ కింద ఎయిర్‌ఫ్లో డైరెక్టరీ పెట్టి, దాని ఓనర్‌గా ఆ యూజర్‌నే ఉంచండి. ఇకపై ఎయిర్‌ఫ్లో కమాండ్ ఏది నడిపినా ఈ యూజర్‌గానే నడపాలి. రూట్‌గా ఒక్కసారి నడిపినా లాగ్ డైరెక్టరీలో కొన్ని ఫోల్డర్లు రూట్ పేరు మీద పడతాయి. అప్పుడు ఏమీ తెలియదు. మర్నాడు టాస్క్ ఫెయిలై, లాగ్ తెరిస్తే ఖాళీగా ఉన్నప్పుడు బయటపడుతుంది.

‘ఎయిర్‌ఫ్లో హోమ్’ వేరియబుల్‌ను ఈ డైరెక్టరీకి చూపించాలి. చూపించకపోతే ఎయిర్‌ఫ్లో ఆ యూజర్ హోమ్‌లో తనంతట తానే ఇంకో ఫోల్డర్, ఇంకో కాన్ఫిగ్ ఫైల్, అందులో ఎస్‌క్యూలైట్ సెట్టింగ్ పెట్టేసుకుంటుంది. ‘డాగ్‌లన్నీ మాయమయ్యాయి’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. యూజర్ హోమ్‌లో అనుకోకుండా ఎస్‌క్యూలైట్ ఫైల్ కనిపించిందంటే ఎక్కడో ఈ వేరియబుల్ అందలేదన్నమాట.

పోస్ట్‌గ్రెస్

డిఫాల్ట్‌గా వచ్చే ఎస్‌క్యూలైట్ రుచి చూడటానికే. షెడ్యూలర్ (ఏ టాస్క్ ఎప్పుడు నడవాలో చూసేది), ఏపీఐ సర్వర్, డాగ్ ప్రాసెసర్ ఒకేసారి రాయాలని చూస్తే అది లాక్ అవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక యూజర్‌ను తయారు చేసి, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో ఒక డేటాబేస్ పెట్టి, ఆ యూజర్‌నే దానికి ఓనర్ చేయండి. పర్మిషన్లు మాత్రం ఇచ్చి ఊరుకుంటే చాలదు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి పబ్లిక్ స్కీమాలో టేబుళ్ళు సృష్టించే హక్కు అందరికీ ఉండదు; డేటాబేస్ మీద అన్ని హక్కులూ ఇచ్చినా మైగ్రేషన్ (ఎయిర్‌ఫ్లో తన టేబుళ్ళు తయారు చేసుకునే పని) మొదట్లోనే ‘పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్’ అని ఆగిపోతుంది. ఓనర్‌కు ఆ సమస్య లేదు.

పాస్‌వర్డ్‌లో అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేమీ పెట్టకండి. పొడుగ్గా ఉంటే చాలు. ఎందుకంటే అది కనెక్షన్ యూఆర్ఎల్‌లోకి వెళ్తుంది. ‘ఎట్’ గుర్తు ఉంటే యూఆర్ఎల్ అక్కడ తెగుతుంది, దాన్ని పర్సెంట్ కోడ్‌గా మార్చాలి. ఆ పర్సెంట్ గుర్తును ఎయిర్‌ఫ్లో కాన్ఫిగ్ ఫైల్‌లో రాస్తే రెండుసార్లు రాయాలి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) యూనిట్ ఫైల్‌లోనూ రెండుసార్లే. ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో మాత్రం ఒక్కసారే. ఇంత గందరగోళం ఒక పాస్‌వర్డ్ కోసం ఎవరికి కావాలి?

కనెక్షన్‌లో హోస్ట్‌గా 127.0.0.1 ఇవ్వండి. హోస్ట్ లేకుండా వదిలేస్తే లోకల్ సాకెట్ గుండా వెళ్తుంది. అక్కడ ఉబుంటు డిఫాల్ట్ పీర్ పద్ధతి కాబట్టి, లినక్స్ యూజర్ పేరు, డేటాబేస్ యూజర్ పేరు ఒకటి కాకపోతే లోపలికి రానివ్వదు.

ప్యాకేజీ

ముందు పైథాన్ వెన్వ్ ప్యాకేజీని ఏపీటీ (ఉబుంటు ప్యాకేజీ కమాండ్) ద్వారా వేసుకుని, ఎయిర్‌ఫ్లో డైరెక్టరీలో ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారు చేయండి. సిస్టమ్ పైథాన్‌లోకి నేరుగా పిప్ చేయబోతే ఉబుంటు ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అని అడ్డుకుంటుంది. ఆ అడ్డును తప్పించే ఆప్షన్ ఉంది కదా అని వాడకండి.

పిప్ కమాండ్‌లో మూడు ఉండాలి: ఎయిర్‌ఫ్లో కచ్చితమైన వెర్షన్ నంబర్, పోస్ట్‌గ్రెస్, ఫ్యాబ్ (లాగిన్ చూసుకునేది) అనే రెండు ఎక్స్‌ట్రాలు (అదనపు భాగాలు), ఇంకా కన్‌స్ట్రెయింట్స్ ఫైల్ (ఏ లైబ్రరీ ఏ వెర్షన్ కావాలో రాసిన జాబితా) అడ్రస్. ఆ ఫైల్ ఎయిర్‌ఫ్లో గిట్‌హబ్ రిపోజిటరీలో ప్రతి వెర్షన్‌కూ, ప్రతి పైథాన్‌కూ విడివిడిగా ఉంటుంది. ఎయిర్‌ఫ్లో కింద వందలాది లైబ్రరీలు ఉన్నాయి. కన్‌స్ట్రెయింట్స్ లేకుండా ఇన్‌స్టాల్ చేస్తే ఈరోజు పనిచేసింది వచ్చే వారం అదే కమాండ్‌తో పనిచేయకపోవచ్చు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. డాగ్ రాసేవాళ్ళు ఒక లైబ్రరీ కావాలంటారు, మీరు అదే ఎన్విరాన్‌మెంట్‌లో పిప్ చేస్తారు, అది ఎయిర్‌ఫ్లో వాడుతున్న ఒక లైబ్రరీని పైకి లాగుతుంది, తర్వాతి రీస్టార్ట్‌లో షెడ్యూలర్ లేవదు. చిన్న లైబ్రరీ అయితే అదే కమాండ్‌లో ఎయిర్‌ఫ్లో పేరు, ప్రస్తుత వెర్షన్ నంబర్ కూడా రాయండి. అప్పుడు పిప్ ఎయిర్‌ఫ్లో వెర్షన్‌ను మార్చదు, గొడవ ఉంటే అప్పుడే చెబుతుంది. పెద్ద లైబ్రరీలకు విడి ఎన్విరాన్‌మెంట్ పెట్టి, టాస్క్‌ను ఎక్స్‌టర్నల్ పైథాన్ ఆపరేటర్‌తో నడపడం మేలు.

సెట్టింగులు, కీలు

కాన్ఫిగ్ ఫైల్‌ను దిద్దే బదులు, మార్చినవాటిని ఒకే ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో పెట్టుకుంటే ఏం మార్చారో ఒక్క చూపులో తెలుస్తుంది. పేరు రాసే పద్ధతి: ఎయిర్‌ఫ్లో, రెండు అండర్‌స్కోర్లు, సెక్షన్, రెండు అండర్‌స్కోర్లు, సెట్టింగ్, అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో. ఒక అండర్‌స్కోర్ తగ్గితే ఎర్రర్ రాదు, ఆ సెట్టింగ్‌ను పట్టించుకోదు, అంతే. ఫైల్ ఓనర్ రూట్, గ్రూప్ ఎయిర్‌ఫ్లో, పర్మిషన్ 640.

ఇందులో ముందుగా రావాల్సినవి ఎయిర్‌ఫ్లో హోమ్ (దీనికి మాత్రం ఒకే అండర్‌స్కోర్), ఎగ్జిక్యూటర్‌గా లోకల్ ఎగ్జిక్యూటర్, డేటాబేస్ సెక్షన్‌లో కనెక్షన్, కోర్‌లో లోడ్ ఎగ్జాంపుల్స్ ఫాల్స్. చివరిది మొదటి స్టార్ట్‌కు ముందే పెట్టకపోతే డజన్ల కొద్దీ ఉదాహరణ డాగ్‌లు డేటాబేస్‌లోకి ఎక్కి కూర్చుంటాయి.

తర్వాత మూడు రహస్యాలు. ఫెర్నెట్ కీని పైథాన్ క్రిప్టోగ్రఫీ లైబ్రరీతో పుట్టించాలి. కనెక్షన్లలో దాచే పాస్‌వర్డ్‌లన్నీ దీనితోనే ఎన్‌క్రిప్ట్ అవుతాయి. ఏపీఐ సెక్షన్‌లోని సీక్రెట్ కీ, ఏపీఐ ఆథ్ సెక్షన్‌లోని జేడబ్ల్యూటీ సీక్రెట్ (టోకెన్ల మీద సంతకం చేసే కీ) పొడవాటి ర్యాండమ్ స్ట్రింగులైతే చాలు. జేడబ్ల్యూటీ ఎందుకంటే, ఎయిర్‌ఫ్లో 3లో టాస్క్ నేరుగా డేటాబేస్‌తో మాట్లాడదు, ఏపీఐ సర్వర్ ద్వారా మాట్లాడుతుంది. షెడ్యూలర్ ఒక సీక్రెట్‌తో టోకెన్ ఇచ్చి, ఏపీఐ సర్వర్ ఇంకో సీక్రెట్‌తో పరీక్షిస్తే, వెబ్ స్క్రీన్ చక్కగా తెరుచుకుంటుంది కానీ ఒక్క టాస్కూ నడవదు. లాగ్‌లో ‘సిగ్నేచర్ వెరిఫికేషన్ ఫెయిల్డ్’ ఉంటుంది.

లాగిన్‌కు ఆథ్ మేనేజర్‌గా ఫ్యాబ్‌ను మైగ్రేషన్‌కు ముందే సెట్ చేయండి, యూజర్ టేబుళ్ళు కూడా అప్పుడే తయారవుతాయి. డిఫాల్ట్‌గా ఉన్న సింపుల్ ఆథ్ మేనేజర్ డెవలప్‌మెంట్ కోసం పెట్టింది. పాస్‌వర్డ్‌లను ఒక ఫైల్‌లో మామూలు టెక్స్ట్‌గా ఉంచుతుంది.

ప్యారలలిజం డిఫాల్ట్ 32. అంటే ఒకేసారి 32 టాస్కుల దాకా నడవనిస్తుంది. 4 కోర్ల మెషీన్‌లో 8 దగ్గర మొదలుపెట్టి, ర్యామ్ చూసుకుంటూ పెంచండి.

మైగ్రేట్, సర్వీసులు

ఎయిర్‌ఫ్లో యూజర్‌గా మారి, ‘సెట్ మైనస్ ఏ’ తర్వాత ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌ను సోర్స్ చేయండి. ‘సెట్ మైనస్ ఏ’ మరిస్తే వేరియబుల్స్ షెల్‌లోనే ఉండిపోయి ఎయిర్‌ఫ్లోకు చేరవు. ముందు ‘ఎయిర్‌ఫ్లో డీబీ చెక్’. అది సరేనంటే ‘ఎయిర్‌ఫ్లో డీబీ మైగ్రేట్’. ఆ తర్వాత ‘ఎయిర్‌ఫ్లో యూజర్స్ క్రియేట్’తో అడ్మిన్ రోల్ ఉన్న ఒక యూజర్.

‘ఎయిర్‌ఫ్లో స్టాండలోన్’ అనే ఒక్క కమాండ్‌తో అన్నీ లేస్తాయి కదా అంటే, లేస్తాయి. చూసి వదిలేయడానికి బాగుంటుంది. రోజూ నడవాల్సిన సర్వర్‌లో ఏపీఐ సర్వర్, షెడ్యూలర్, డాగ్ ప్రాసెసర్, ట్రిగరర్ (ఏదైనా జరిగేదాకా ఎదురుచూసే టాస్కులను చూసుకునేది) నాలుగింటికీ నాలుగు సిస్టమ్‌డీ యూనిట్లు రాయాలి. ఒక్కోదానిలో యూజర్, ఎన్విరాన్‌మెంట్ ఫైల్, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోని ఎయిర్‌ఫ్లో పూర్తి పాత్, రీస్టార్ట్ ఆల్వేస్, రీస్టార్ట్ సెక్ 5 ఉంటే సరి. ‘పాత్’ వేరియబుల్‌లో ఆ ఎన్విరాన్‌మెంట్ బిన్ డైరెక్టరీని మొదట పెట్టండి, లేకపోతే బ్యాష్ టాస్కుల్లో పైథాన్ అంటే సిస్టమ్ పైథాన్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ కోసం ‘ఆఫ్టర్’, ‘వాంట్స్’ రాయండి. ‘రిక్వైర్స్’ రాస్తే పోస్ట్‌గ్రెస్‌ను ఆపినా, రీస్టార్ట్ చేసినా ఎయిర్‌ఫ్లో కూడా దానితోపాటు ఆగుతుంది.

షెడ్యూలర్ యూనిట్ విషయంలో ఒక జాగ్రత్త. లోకల్ ఎగ్జిక్యూటర్ టాస్కులు షెడ్యూలర్ పిల్ల ప్రాసెస్‌లు. షెడ్యూలర్‌ను రీస్టార్ట్ చేస్తే సిస్టమ్‌డీ వాటినీ ఆపమంటుంది, డిఫాల్ట్‌గా 90 సెకన్లు చూసి చంపేస్తుంది. రెండు గంటల లోడ్ నడుస్తుండగా సెట్టింగ్ మార్చామని రీస్టార్ట్ కొట్టకూడదు. డాగ్‌లను పాజ్ చేసి, నడుస్తున్నవి ముగిశాకే ఆ పని.

బయటి నుంచి రావడానికి

ఏపీఐ సర్వర్ డిఫాల్ట్‌గా అన్ని నెట్‌వర్క్ అడ్రస్‌ల మీదా 8080 పోర్ట్‌లో వింటుంది. హోస్ట్‌ను 127.0.0.1కి మార్చండి. వాడేది ఇద్దరు ముగ్గురైతే ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ చాలు. ఎక్కువమంది అయితే ఏపీఐ సర్వర్ ముందు ఎన్‌జిన్ఎక్స్ (బయటి రిక్వెస్టులను తీసుకుని లోపలికి పంపే వెబ్‌సర్వర్) పెట్టి, టీఎల్ఎస్ సర్టిఫికెట్ అక్కడ ఉంచి, ఏపీఐ సర్వర్‌ను ‘ప్రాక్సీ హెడర్స్’ ఆప్షన్‌తో నడపండి. లేకపోతే లాగిన్ తర్వాత హెచ్‌టీటీపీఎస్ నుంచి హెచ్‌టీటీపీకి పడిపోవచ్చు. బేస్ యూఆర్ఎల్‌కు బయటి అడ్రస్ ఇచ్చినప్పుడు, కోర్ సెక్షన్‌లోని ఎగ్జిక్యూషన్ ఏపీఐ సర్వర్ యూఆర్ఎల్‌ను విడిగా 127.0.0.1, పోర్ట్ 8080, ‘ఎగ్జిక్యూషన్’ పాత్‌కు పెట్టాలి. పెట్టకపోతే అది బేస్ యూఆర్ఎల్ నుంచే తయారవుతుంది. అదే మెషీన్‌లోని టాస్కులు బయటకెళ్ళి ఎన్‌జిన్ఎక్స్ గుండా తిరిగి రావాల్సి వస్తుంది. సర్టిఫికెట్ గడువు ముగిసిన రోజు అన్నీ కలిసి ఆగుతాయి.

మొదటి డాగ్ కనిపించకపోతే

కంగారు పడకండి, కొత్త ఫైల్‌ను గుర్తించడానికి డిఫాల్ట్‌గా 5 నిమిషాల దాకా పడుతుంది. అప్పటికీ రాకపోతే ‘ఎయిర్‌ఫ్లో డాగ్స్ లిస్ట్ ఇంపోర్ట్ ఎర్రర్స్’ నడపండి. ఎక్కువసార్లు దొరికేది పాత డాగ్‌లోని ‘షెడ్యూల్ ఇంటర్వల్’. 3లో దాన్ని తీసేశారు, ‘షెడ్యూల్’ అని రాయాలి. డాగ్ కనిపించి కదలకుండా ఉంటే, పాజ్‌లో ఉందేమో చూడండి. కొత్త డాగ్‌లన్నీ పాజ్‌లోనే పుడతాయి.

సర్వర్ ఏ పనీ లేకుండానే సీపీయూ తింటుంటే డాగ్ ఫైళ్ళ పై వరుసల్లో డేటాబేస్ క్వెరీ, ఏపీఐ కాల్ లాంటివి ఉన్నాయేమో వెతకండి. ఫంక్షన్ల బయట రాసిన కోడ్ ప్రతి పార్సింగ్‌లోనూ నడుస్తుంది, డిఫాల్ట్‌గా అది దాదాపు 30 సెకన్లకోసారి. టాస్క్ ఏ పైథాన్ ఎర్రర్ లేకుండా సిగ్‌కిల్‌తో, లేదా మైనస్ 9 కోడ్‌తో చచ్చిందంటే కెర్నల్ లాగ్ చూడండి. చాలాసార్లు ర్యామ్ చాలక కెర్నలే చంపి ఉంటుంది.

టాస్క్ లాగ్‌లను ఎయిర్‌ఫ్లో తనంతట తాను తీసేయదు. 30 రోజులు దాటినవి తీసేసే చిన్న టైమర్ మొదటి వారంలోనే పెట్టండి. ఒకే సర్వర్‌లో డిస్క్ నిండితే పోస్ట్‌గ్రెస్ కూడా ఆగిపోతుంది. డేటాబేస్‌లో పేరుకునే పాత రన్‌లకు ‘ఎయిర్‌ఫ్లో డీబీ క్లీన్’ ఉంది, ముందు డ్రై రన్‌తో చూడండి. అది తీసేసినవాటిని ఆర్కైవ్ టేబుళ్ళలో దాస్తుంది కాబట్టి, ‘డీబీ డ్రాప్ ఆర్కైవ్డ్’ కూడా నడిపితేనే చోటు మిగులుతుంది.

బ్యాకప్ అంటే పీజీ డంప్, డాగ్ ఫైళ్ళు, ఎన్విరాన్‌మెంట్ ఫైల్, మూడూ. డంప్‌ను వేరే మెషీన్‌లో ఉంచి ఫెర్నెట్ కీని ఈ సర్వర్‌లోనే వదిలేస్తే, సర్వర్ పోయిన రోజు డేటాబేస్ తిరిగొస్తుంది, కనెక్షన్ల పాస్‌వర్డ్‌లు మాత్రం రావు. అన్నింటినీ చేత్తో మళ్ళీ ఎక్కించుకోవాలి. కీని డంప్ పక్కనే కాకుండా పాస్‌వర్డ్ వాల్ట్‌లో విడిగా పెట్టండి.