గుంటూరు పిల్లలకు అమెరికా స్వాతంత్ర్య పాఠం చెప్పే విధానం

తేదీలతో కాక పన్నుతో మొదలుపెట్టండి. 1921–22లో పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టబోమని నిలబడిన సంగతి ముందు చెబితే, తమ ప్రతినిధులు లేని బ్రిటిష్ పార్లమెంటు 1765లో స్టాంపు పన్ను (పత్రాలు, వార్తాపత్రికల మీద పన్ను) వేసినప్పుడు అమెరికాలోని 13 వలసల ప్రజలు ఎందుకు మండిపడ్డారో ఇట్టే బోధపడుతుంది. తేయాకు మీది పన్నుకు నిరసనగా వలసవాసులు 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 తేయాకు పెట్టెలను పగలగొట్టి నీళ్లలో పారబోశారు. నష్టపరిహారం చెల్లించేదాకా ఆ రేవును మూసివేస్తూ లండన్ చేసిన చట్టమే విడివిడిగా ఉన్న వలసలను దగ్గర చేసింది. పాఠానికి ఆయువుపట్టు ఇదే గనుక ఇక్కడ నిదానించండి. ఆపై బ్రిటన్‌తో సాగిన యుద్ధం గురించి 1776 జూలై 4 స్వాతంత్ర్య ప్రకటన, ఫ్రాన్స్ సాయం, 1781లో యార్క్‌టౌన్ వద్ద అమెరికన్ల విజయం, వారి స్వాతంత్ర్యాన్ని బ్రిటన్ గుర్తించిన 1783 పారిస్ ఒప్పందం చెబితే చాలు. కొత్త దేశపు తొలి కేంద్ర ప్రభుత్వానికి పన్ను వేసే అధికారమే లేకపోవడం 1787 రాజ్యాంగ రచనకు ఒక ముఖ్య కారణమనీ, ఆ రాజ్యాంగం బానిసత్వాన్ని రద్దు చేయలేదనీ తప్పక చెప్పండి.