బాస్ దగ్గర ఇరుక్కుపోతే మొదటి ఐదు సార్లు కొట్టకండి

డార్క్ సోల్స్, ఎల్డెన్ రింగ్ లాంటి వీడియో గేముల్లో ఒకే బాస్ (మామూలు శత్రువుల కంటే చాలా బలమైన పెద్ద శత్రువు) చేతిలో పదే పదే చచ్చి, విసుగొచ్చి గేమే పక్కన పెట్టేస్తుంటాం. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇది.

లోపలికి వెళ్లే ముందు చేతిలో ఉన్న సోల్స్ లేదా రూన్స్ (శత్రువులను చంపితే వచ్చేవి, మనం చస్తే చేజారేవి) అన్నీ లెవెల్ పెంచుకోవడానికి ఖర్చు పెట్టేయండి. పోయేదేమీ లేకపోతే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. తర్వాత ఐదు ప్రయత్నాల్లో అటాక్ బటన్ ముట్టుకోవద్దు. తప్పించుకోవడం, చూడడం, అంతే. బాస్ చెయ్యి పైకెత్తగానే రోల్ (దొర్లి తప్పించుకోవడం) చేయకండి, ఆ చెయ్యి కిందికి దిగేటప్పుడు చేయండి. రోల్ మొదట్లో ఒక్క క్షణం దెబ్బ తగలదు, తొందరపడితే ఆ క్షణం వృథా అయిపోతుంది. వెనక్కి కాకుండా పక్కకో, బాస్ వైపుకో దొర్లితే ఇంకా మంచిది, వెనక్కి వెళ్తే పొడవాటి ఆయుధం అందుకుంటుంది.

ఏ దెబ్బ తర్వాత బాస్ ఎక్కువసేపు ఆగుతుందో ఈపాటికి కనిపిస్తుంది. ఆరోసారి నుంచి ఆ ఒక్క దెబ్బ తర్వాతే, ఒకే ఒక్కసారి కొట్టండి. రెండో దెబ్బకు ఆశపడితేనే ప్రాణం పోయేది.

సెకీరో అనే గేములో మాత్రం ఇది నేరుగా పనిచేయదు. దూరంగా తిరుగుతుంటే శత్రువు పోశ్చర్ (నిలదొక్కుకునే బలం, అది విరిగితే చావుదెబ్బ కొట్టొచ్చు) మళ్లీ కోలుకుంటుంది. అక్కడ తప్పించుకోవడానికి బదులు, దగ్గరే నిలబడి కత్తిని కత్తితో అడ్డుకోవడం ప్రాక్టీస్ చేయాలి. అలాగే ఆరోగ్యం తగ్గాక తీరు మార్చే బాస్‌లకు, ఆ రెండో దశ చేరాక మళ్లీ కొన్నిసార్లు ఊరికే చూడాల్సి వస్తుంది.