కర్నూలు నుంచి పిల్లలతో ఒక్క రోజు బయటికి: ఎండ కంటే ముందు లేవడం ఎలా

"కర్నూల్లో చూడ్డానికి ఏముంది, కొండారెడ్డి బురుజు తప్ప" అనే మాట మా ఇంట్లోనే పదేళ్ళుగా వింటున్నాను. చోట్లకేం కొదవ లేదు, అసలు సమస్య ఎండ. మేం పిల్లల్ని, పెద్దవాళ్ళని వెంటేసుకుని పోయిన ట్రిప్పుల్లో చెడిపోయినవన్నీ ఇంట్లోంచి తొమ్మిదికి బయల్దేరినవే. టిఫిన్ చేసి, చిన్నదానికి జడ వేసి, గ్యాస్ ఆపామా లేదా అని మళ్ళీ పైకెక్కి చూసి, పెట్రోలు బంకులో పావుగంట నిలబడి, తీరా రాళ్ళ మీద అడుగు పెట్టేసరికి పదకొండు. ఇంకేం చూస్తాం, నీడ ఎక్కడుందో చూస్తాం.

అందుకే ముందు ఇది ఖాయం చేసుకోండి. రోజుకి ఒక్క చోటు, ఇంట్లోంచి ఆరుకి ముందే బయటపడాలి, పదిన్నరకల్లా ఏదో ఒక కప్పు కింద ఉండాలి. టిఫిన్ దారిలో చేసుకోవచ్చు, ఉగ్గాని బజ్జి దొరకని రోడ్డు మన దగ్గర లేదు. సీజన్ అంటారా, వానలు పడి కాస్త చల్లబడిన ఆగస్టు చివరి నుంచి శివరాత్రి దాకా. ఆ తర్వాత పిల్లల్ని రాళ్ళ మీదికి తీసుకెళ్ళడం నేనైతే మానేశాను.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఓర్వకల్లు రాక్ గార్డెన్‌తో మొదలుపెట్టండి. నంద్యాల రోడ్డు మీద, ఊరికి పాతిక కిలోమీటర్లలోపే, మన ఎయిర్‌పోర్టు ఉన్న వైపే, కాబట్టి దారి గురించి ఎవర్నీ అడగక్కర్లేదు. క్వార్ట్‌జ్, సిలికా రాళ్ళు ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చిపెట్టినట్టు నిలబడి ఉంటాయి, వాటి మధ్య నీటి గుంటలు, ఆ నీళ్ళలో మళ్ళీ ఆ రాళ్ళే తలకిందులుగా. వానాకాలం వెళ్ళిపోయాక గుంటలు నిండుగా ఉన్నప్పుడు వెళ్తే ఇది మన జిల్లాయేనా అనిపిస్తుంది. తలుపులు తీసే టైముకే లోపల ఉండండి. పొద్దున్న వెలుగు రాయి మీద ఏటవాలుగా పడుతుంది, ఫోటోలకీ అదే మంచిది, కాళ్ళకీ అదే మంచిది.

ఇక్కడ పిల్లల్ని ఎక్కొద్దంటే వినరు, వినాలని నేనూ అనుకోను. మేం పెట్టుకున్న రూలు ఒక్కటే: చేతులు ఆనించకుండా కాళ్ళతో ఎక్కగలిగినంత వరకే. కాళ్ళతో ఎక్కింది కాళ్ళతో దిగొచ్చు, చేతులతో పాకి ఎక్కింది దిగడం రాదు. ఈ రూలు ఎలా వచ్చిందంటే, మావాడు ఆరేళ్ళప్పుడు ఒక బండ మీదికి కోతిలా పాకేసి, పైన కూర్చుని కిందికి చూసి, అంతే, నోరు తెరిచాడు. నేను ఎక్కడానికి నా కాలు పట్టదు, వాడు దిగడానికి వాడి గుండె పట్టదు. చివరికి అటుగా వెళ్తున్న కాలేజీ పిల్లలు ఇద్దరు భుజాలు ఇచ్చి దింపారు. చెప్పులతో పోవద్దు, అడుగు పట్టు ఉన్న బూట్లు వేయండి. గుంటల అంచున పాచి ఉంటుంది, చూడ్డానికి పొడిగానే కనిపిస్తుంది, కాలు పెడితే జర్రున జారుతుంది, చిన్నపిల్లల చెయ్యి అక్కడ మాత్రం వదలొద్దు. ఇంకో చిన్న పరీక్ష: అరచెయ్యి తిప్పి వెనక వైపు రాయి మీద పెట్టి పది లెక్కపెట్టండి. పెట్టలేకపోతే ఇక చాలు, బయల్దేరండి. పిల్లలు పొట్టివాళ్ళు, బండల వేడి మన మోకాళ్ళకి తగిలేది వాళ్ళ మొహానికి తగులుతుంది, ఈ సంగతి మనకి గుర్తుండదు.

ఓర్వకల్లు చుట్టుపక్కలే కేతవరం దగ్గర రాతి ఆవాసాల్లో ఎర్రరంగు పురాతన చిత్రాలున్నాయి. కానీ అది నడక, ముళ్ళు, దారి తెలిసిన ఊరి మనిషి తోడు ఉండాల్సిన వ్యవహారం. పిల్లలకి పన్నెండు దాటాక ఆలోచించండి.

ఇక బెలూం గుహలు. వంద కిలోమీటర్ల పైనే, బేతంచెర్ల, బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల వైపు. తెల్లారకముందే లేవాలి, కానీ ఒక్కసారైనా వెళ్ళాల్సిన చోటు. మొత్తం కొలిచిన పొడవు 3,229 మీటర్లు, అందులో మనల్ని తిరగనిచ్చేది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, ఆ తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు, 1980ల మొదట్లో జర్మనీ నుంచి వచ్చిన గెబావర్ బృందం లోపలికి దిగి పటం గీసింది. పిల్లలకి ఇవన్నీ చెప్పక్కర్లేదు. గోడ మీద చెయ్యి పెట్టించండి. అలలు అలలుగా, ఎవరో గరిటెతో గీకినట్టు ఉంటుంది. సున్నపురాయిని నీళ్ళు కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ పోయిన దారే ఇప్పుడు మనం నడిచే దారి. మీ ఇంట్లో నేల నాపరాయి అయితే అది కూడా చాలామటుకు ఈ బేతంచెర్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల నుంచి వచ్చిందే అని చెప్పండి. మా పాప ఇంటికొచ్చాక వంటింటి బండ మీద బోర్లా పడుకుని అలలు వెతికింది.

గుహ అంటే చల్లగా ఉంటుందనుకుని వెళ్ళేవాళ్ళే ఎక్కువ, లోపల మాత్రం ఉక్క. గాలి కోసం గొట్టాలు పెట్టారు, వాటి దగ్గర నిలబడితే కాస్త ఊపిరి ఆడుతుంది, రెండడుగులు పక్కకి జరిగితే మళ్ళీ చెమట. మా అమ్మ లోపలికి అడుగు పెట్టిన అయిదు నిమిషాలకి కళ్ళజోడు మొత్తం మసకబారి, చీర కొంగుతో తుడుచుకోవడం, మళ్ళీ పెట్టుకోవడం, ఇదే పని. చివరికి కళ్ళజోడు తీసి నా జేబులో పెట్టి, "నువ్వే నా కళ్ళు, పద" అని నా భుజం పట్టుకుని నడిచింది. కాబట్టి జీన్సులు వద్దు, పల్చటి నూలు బట్టలు వేసుకోండి, పిల్లలకి కారులో ఇంకో జత పెట్టండి. లోపలికి దిగే ముందే నీళ్ళు తాగించి, బాత్రూం పని ముగించండి. మధ్యలో "నాన్నా, అర్జెంటు" అంటే వెనక్కి నడవడానికి అరగంట. చిన్నపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోవద్దు, కొన్నిచోట్ల మనమే వంగి నడవాలి, వాళ్ళ తల పైరాయికి తగులుతుంది.

పాతాళగంగ అని చెప్పేది అన్నిటికంటే లోతైన చోటు, పైనుంచి 46 మీటర్ల కింద. అక్కడికి మెట్లు నిటారుగా దిగుతాయి, తడిగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్ళు, ఇరుకులో టెన్షన్ పడేవాళ్ళు దీన్ని వదిలేసి పైన వెడల్పు గదుల వరకు చూసి వచ్చినా ఏమీ పోదు. ఇది ముందే, ఇంట్లోనే మాట్లాడుకోండి. గుహ నోటి దగ్గర నిలబడి "అత్తయ్యా, మీరిక్కడే కూర్చోండి" అంటే ఆమెకి చిన్నతనంగా ఉంటుంది, ఆ రోజంతా మాట్లాడరు. నాకెలా తెలుసని అడగొద్దు. సప్తస్వరాల గుహలో రాళ్ళని తడితే లోహంలా మోగుతాయి, గైడు తట్టి వినిపిస్తాడు, మనం మాత్రం పిల్లల చేత కొట్టించొద్దు. అవి బొట్టు బొట్టుగా కారే నీళ్ళతో పెరిగిన రాళ్ళు, విరిగితే మళ్ళీ పెరగడానికి మన పది తరాలు చాలవు.

బయటికొచ్చాక పిల్లలకి ఓపిక మిగిలితేనే తిరుగు దారిలో యాగంటి. రోజుకి ఒక్క చోటు అని నేనే అన్నాను, కానీ ఇది ఇంకో చోటు కింద లెక్కకాదు, విశ్రాంతి కింద లెక్క. కొండ కింద కోనేరు, చల్లటి నీళ్ళు, ఏటేటా పెరుగుతోందని చెప్పుకునే నందీశ్వరుడు. అక్కడ కాకులు వాలవని అంటారు, పిల్లల్ని కాకిని కనిపెట్టమని చెప్తే అరగంట అల్లరి ఉండదు. కోతులు మాత్రం బోలెడు. తినే సంచి కారు డిక్కీలోంచి బయటికి తీయకండి, అరటిపండు చేతిలో పట్టుకుని నడిచే పిల్లవాడు వాటికి కదిలే కొట్టు.

జంతువులంటే ఇష్టపడే పిల్లలుంటే రోళ్ళపాడు. నందికొట్కూరు వైపు, దాదాపు 45 కిలోమీటర్లు. ఇది 1988లో బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం పెట్టిన అభయారణ్యం, ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డినేల. ఉన్నమాట చెప్పాలి, బట్టమేక కనిపిస్తుందని పిల్లలకి ఆశ పెట్టి తీసుకెళ్ళొద్దు. ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ నేల మీదే పెట్టే పక్షి, చుట్టూ కాలువ నీళ్ళొచ్చి మెట్ట పొలాల తీరే మారిపోయాక అది ఇక్కడ కనిపించడమే అపురూపమైపోయింది. కానీ కృష్ణజింకలు గుంపులు గుంపులుగా ఉంటాయి. మెలికలు తిరిగిన కొమ్ములున్న నల్లటి మగజింక గడ్డిలోంచి తల ఎత్తి మనవైపు చూస్తే కారులో ఎంత అల్లరి పిల్లలైనా గప్‌చిప్. చలికాలం వెళ్తే గడ్డి మీద తక్కువ ఎత్తులో తేలుతూ తిరిగే డేగ జాతి వలస పక్షులు కూడా కనిపిస్తాయి.

ఇక్కడ సూర్యోదయానికి చేరితేనే పని. ఎర్ర, పసుపు చొక్కాలు వద్దు, మట్టిరంగువి వేయండి. బైనాక్యులర్ ఒక్కటి కొనుక్కోండి, ఇద్దరు పిల్లలుంటే రెండు, ఇది నా అనుభవం. పాటలు ఆపేయండి. ఆ జింకలే చుట్టుపక్కల రైతుల చేలో పడి మేస్తాయి, అందుకని వాటి గురించి అక్కడి రైతు మొహం మనంత సంబరంగా ఉండదు, వాళ్ళ ముందు "అబ్బ ఎంత ముద్దుగా ఉన్నాయో" అని అరవకపోతే మర్యాదగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, వాన పడిన మర్నాడు తారురోడ్డు దిగొద్దు. అది నల్లరేగడి. చక్రం ఒక చుట్టు తిరిగితే టైరు కనపడదు, ఉండ్రాళ్ళలా మట్టే కనిపిస్తుంది. మా బండిని ట్రాక్టరుతో లాగించి, డబ్బులిచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాం.

రోజంతా తీరిక లేదు, మూడు గంటలే ఉన్నాయంటే గార్గేయపురం చెరువు, అక్కడి నగరవనం చాలు. నడిచే బాటలు, చెట్లు, చిన్నపిల్లలు పరిగెత్తే చోటు. సుంకేసుల బ్యారేజీ కూడా సాయంత్రానికి బావుంటుంది, కర్నూలు–కడప కాలువ మొదలయ్యేది అక్కడే, 1860లలో తవ్వడం మొదలెట్టిన ఆ కాలువలో పడవలు నడపాలనేది అప్పటి ఆలోచన అని చెప్తే పిల్లలు నమ్మరు. కాకపోతే చూసి రావడానికే, తుంగభద్రలో దిగడానికి కాదు. పైనుంచి నీళ్ళు ఎప్పుడు వదిలేదీ మనకి తెలియదు. 2009 అక్టోబరు వరదలప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఈ నది గురించి నేను చెప్పేదేమీ లేదు. పిల్లలు నీళ్ళు నీళ్ళు అని గోల చేస్తే నంద్యాల దాటి మహానంది తీసుకెళ్ళండి, అక్కడి కోనేట్లో అడుగున పడిన రూపాయి బిళ్ళ బొమ్మో బొరుసో పైనుంచే తెలుస్తుంది.

ఒక్క ఎండాకాలం మినహాయింపు సంగమేశ్వరం గుడి. శ్రీశైలం జలాశయం నీళ్ళు తగ్గితేనే ఆ గుడి బయటపడుతుంది, అది ఎండల్లోనే. వెళ్తే తెల్లారేసరికి అక్కడుండండి, గట్టు ఆరినట్టు కనిపించినా ఎండిన పైపొర కింద బురద ఉంటుంది, కర్రతో పొడిచి చూసి అడుగేయండి.

నల్లమలలో బైర్లూటీ క్యాంపులో ఒక రాత్రి ఉండాలనుకుంటే ముందే బుక్ చేసుకోవాలి, ఆత్మకూరు–దోర్నాల రోడ్డు రాత్రిళ్ళు మూసేస్తారు కాబట్టి పొద్దుండగానే చేరాలి. పులి ఊసు పిల్లల దగ్గర ఎత్తొద్దు. నెమలి, దుప్పి కనిపించినా వాళ్ళకి పండగే, పులి పేరు ఎత్తామా, తర్వాత ఏం కనిపించినా మొహం చిట్లిస్తారు.

సంచిలో ఏం పెట్టాలంటే, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఇంకో క్యాను కారులో. పులిహోర పాడవదు. పెరుగన్నం పదకొండు లోపు తినేసేట్టయితేనే. ఉప్పు వేసిన మజ్జిగ, నాలుగు నిమ్మకాయలు, జొన్నరొట్టెలు రెండు రోజులైనా ఉంటాయి, పైన శెనగల పొడి. పాత దుప్పటి ఒకటి, తువ్వాళ్ళు, టోపీలు, చెత్తకి ఒక ఖాళీ గోనెసంచి. బ్యాండ్‌ఎయిడ్ కంటే పసుపు డబ్బీ ముందు పెడుతుంది మా అమ్మ, నేను రెండూ పెడతాను.

తొలకరి పడగానే పిల్లలు ఇంకోటి అడుగుతారు, టీవీలో చూసి ఉంటారు, తుగ్గలి, జొన్నగిరి వైపు వజ్రాల వేట. తీసుకెళ్ళొచ్చు, వాన వెలిసిన ఎర్రమట్టిలో వంగి వంగి నడవడం పిల్లలకి భలే ఆట. ఆ పొలానికి యజమాని ఉంటాడు, విత్తనం వేశాడేమో అడగండి, వద్దంటే గట్టు మీదే ఆగిపోండి. దగ్గర్లోనే ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి, రెండూ కలిపితే పూట సరిపోతుంది. మావాడు పోయినేడు తెచ్చిన మెరిసే రాళ్ళు ఫ్రిజ్ మీద హార్లిక్స్ సీసాలో ఉన్నాయి. వారానికోసారి దించి టార్చి వేసి చూసుకుంటాడు.