జెండా పండగ ఊరందరిదీ కావాలంటే

ఆగస్టు వస్తోందంటే మా ఊరి కుర్రాళ్ళు ముందు మాట్లాడుకునేది డీజే గురించి. ఏ బాక్సులు తేవాలి, ఏ పాటలు పెట్టాలి, బైకు ర్యాలీ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి. జెండా సంగతి 14వ తారీకు రాత్రి గుర్తొస్తుంది. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా, అంటే ఆటల మాస్టారుగా చేసి రిటైరయినవాణ్ణి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస, పొందూరు చుట్టుపక్కల ఊళ్ళలో నా సర్వీసంతా గడిచింది. "మాస్టారూ, జనాలకి దేశభక్తి రావాలంటే ఏటి చెయ్యాలి?" అని ఒక కుర్రాడు అడిగితే, ముందు తాడు తెమ్మన్నాను. వేళాకోళం అనుకుని నవ్వాడు. పాట విని వచ్చిన ఊపు బాక్సులు కట్టెయ్యగానే దిగిపోతుంది. తాడు పేనినవాడు, పూలు కోసినవాడు, నేల ఊడ్చినవాడు మాత్రం వచ్చే ఏడాది ఎవరూ పిలవకుండానే వస్తాడు. అందుకే ఇక్కడ పనుల గురించే రాస్తున్నాను.

వారం ముందు జెండా కర్ర చూసుకోండి. ఇనప పైపయితే అడుగున తుప్పు పట్టిందేమో గీకి చూడాలి. పైన కప్పీ తిరుగుతోందో లేదో నేలమీంచి తెలీదు. తాడు లాగి చూస్తే తెలుస్తుంది. బిగుసుకుపోతే ఎవరినైనా నిచ్చెన ఎక్కించి నాలుగు చుక్కల నూనె వేయించండి. దగ్గర్లో కరెంటు తీగ ఉంటే మాత్రం ఎవర్నీ ఎక్కించొద్దు, ఇనప పైపుని అసలు కదపొద్దు, లైన్‌మన్‌కి చెప్పండి. తాడు పాతదైతే మార్చెయ్యండి. నైలాన్ తాడు నున్నగా ఉంటుంది, ముడి నిలవదు. నూలు తాడు వానకి తడిసి ఉబ్బి కప్పీలో ఇరుక్కుంటుంది. నేనైతే నైలాన్ వాడి, ముడి ఒకటి ఎక్కువ వేయిస్తాను.

జెండా కొనేటప్పుడు టేపు పట్టుకెళ్ళండి. పొడవు మూడు పాళ్ళయితే వెడల్పు రెండు పాళ్ళు ఉండాలి. బజార్లో దొరికేవాటిలో చతురస్రంలా ఉన్నవీ ఉంటాయి, చక్రం కోడిగుడ్డులా సాగిపోయినవీ ఉంటాయి. చక్రం ముదురు నీలం రంగులో ఉండాలి, ఆకులు, అంటే మధ్యనుంచి అంచుకి వెళ్ళే గీతలు, 24 ఉండాలి. లెక్కపెట్టే పని పిల్లలకి ఇవ్వండి, తప్పు దొరికితే షాపువాడితో బేరం కూడా వాళ్ళే ఆడతారు. ఊరి కర్రకి మూడడుగులు, రెండడుగుల జెండా చాలు. 2021 డిసెంబరులో నిబంధన మార్చాక పాలియెస్టరు, మిషన్ గుడ్డ జెండాలు కూడా వాడొచ్చు. స్తోమత ఉంటే ఖాదీదే తీసుకోండి. జెండా ఖాదీ వేరే రకం, బరువుగా ఉంటుంది. కర్ణాటకలోని హుబ్బళ్ళిలో ఖాదీ సంఘంవాళ్ళు కుట్టేవి దేశమంతా వెళ్తాయి. మన పొందూరు నేత మరీ సన్నం, అది పంచెలకి, చీరలకి.

ఇక కట్టడం. అసలు టెన్షన్ అంతా ఇక్కడే. పెద్దాయన తాడు లాగుతాడు, మూట విప్పుకోదు, ఇంకోసారి లాగుతాడు, ముడి ఇంకా బిగుస్తుంది. అప్పుడు వెనకనుంచి పదిమంది పది సలహాలు. ఇది రాకుండా ఉండాలంటే 14వ తారీకు సాయంత్రమే రిహార్సల్ చెయ్యాలి, అసలు జెండాతో కాదు, అదే కొలత తువ్వాలుతో.

పద్ధతి ఇది. ఇద్దరు రెండు వైపులా పట్టుకోవాలి, గుడ్డ నేలకి తగలకూడదు. జెండాకి ఒక అంచున తాడు దూర్చే గొట్టంలాంటి కుట్టు ఉంటుంది. కాషాయం వైపున్న కొస పైకి వెళ్ళే తాడుకి, ఆకుపచ్చ వైపున్న కొస కిందకి వచ్చే తాడుకి కట్టాలి. కట్టాక ఒకరు కాకుండా ఇద్దరు చూడాలి. ఏటా ఎక్కడో ఒకచోట జెండా తలకిందులుగా ఎగిరి పేపర్లో పడుతూనే ఉంటుంది. తర్వాత జెండాని పొడవుగా మడిచి, మధ్యలో పూల రేకులు వేసి, ఎగిరే కొసనుంచి కుట్టు వైపుకి చుట్టుకుంటూ రావాలి. చుట్ట మీద తాడుని రెండు చుట్లు తిప్పి, కొసని సగానికి మడిచి ఆ చుట్ల కిందకి దూర్చాలి. కొస పూర్తిగా అవతలికి వస్తే అది పీటముడి, ఇక రాదు. మడత మాత్రమే అవతలికి రావాలి. అది జారుముడి, కిందనుంచి ఒక్క గుంజు గుంజితే వదిలేస్తుంది. తువ్వాలుతో అయిదారుగురు కుర్రాళ్ళకి చేత్తో వచ్చేదాకా చేయించండి. ఆడపిల్లలు దీన్ని తొందరగా పట్టేస్తారు, ఎందుకో నాకు తెలీదు కానీ ప్రతి స్కూల్లోనూ చూశాను.

పూలు ఎక్కువైతే చుట్ట లావై తాడు జారదు, గుప్పెడు చాలు. ఆగస్టులో మనకి అల్పపీడనం పట్టుకుంటే మూడ్రోజులు ముసురు. తడి రేకులు గుడ్డకి అతుక్కుపోయి కిందకి రాలవు. ముందు రోజే బంతిపూలు కోసి, రేకులు తీసి, ఫ్యాను కింద పేపరు మీద ఆరబెట్టండి.

ఆగస్టు 15న జెండాని కిందనుంచి పైకి లాగి ఎగరేస్తారు, జనవరి 26న పైనే కట్టి ఉంచినదాన్ని విప్పుతారు. పల్లెల్లో రెండు రోజులూ ఒకేలా చేసేస్తుంటారు. దానికి నేను పెద్దగా పట్టుబట్టను. ఎక్కేటప్పుడు చురుగ్గా, దింపేటప్పుడు నెమ్మదిగా అన్నది మాత్రం ఒప్పుకుని తీరాలి. జెండాకి సమానంగాగానీ పైనగానీ ఇంకో జెండా ఉండకూడదు, పార్టీ తోరణాలు దాని తాడుకి కట్టకూడదు, గుడ్డ మీద ఏ పేరూ రాయకూడదు. కార్ల మీద జెండా కట్టుకునే హక్కు రాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులు లాంటి కొందరికే ఉంది. సైలెన్సరు పీకేసిన బైకుకి వెనక జెండా కట్టుకుని ఆసుపత్రి ముందునుంచి పోయే తమ్ముళ్ళు ఆ లిస్టులో లేరు.

జాతీయ గీతానికి పట్టే సమయం సుమారు 52 సెకన్లు. సెల్లులో రికార్డు పెట్టొద్దు, పిల్లల చేత పాడించండి. శ్రుతి దగ్గర జాగ్రత్త. మొదటి మాటే పైనుంచి అందుకుంటే చివర జయహేలు వచ్చేసరికి గొంతులు పగిలిపోయి సగంమంది ఆగిపోతారు. పాడించే పిల్లకి బాగా కింద శ్రుతిలో మొదలెట్టమని చెప్పండి, ముసలివాళ్ళ గొంతులు కూడా కలుస్తాయి. ఊరంతా ఒక్క గొంతుతో చివరిదాకా పాడితే వచ్చేది ఏ బాక్సులోంచీ రాదు.

ఎవరు ఎగరెయ్యాలన్న తగువు పెట్టుకోకండి. పంచాయతీ ఆఫీసు దగ్గర సర్పంచి గారు, స్కూల్లో హెడ్మాస్టరు గారు. మీ వీధి కుర్రాళ్ళు సొంతంగా పెట్టుకునే జెండాకి మాత్రం మీ ఇష్టం. అక్కడ ఊరి కాలవలు తీసే అమ్మనో, ఆశా కార్యకర్తనో పిలవండి. "నానెందుకు బాబూ" అని వెనక్కి పోతుంది. రెండోసారి కూడా వెళ్ళి పిలవండి.

ఉపన్యాసాలు నా ప్రాణం తీసే విషయం. గాంధీ, నెహ్రూ, బోసు అని గుంటలు (పిల్లలు) గైడులోది అప్పజెప్తారు, ఎండలో వరసలో ఉన్న చిన్న పిల్లలు కళ్ళు తిరిగి పడిపోతారు. నేను పెట్టిన రూలు ఇది: ఒక్కొక్కరు రెండు నిమిషాలు, మన జిల్లా మనిషి గురించే మాట్లాడాలి. మందస జమీందారీలో అడవి మీద హక్కు కోసం రైతులు ఎదురు తిరిగినప్పుడు, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. ముందు నిలబడ్డ గున్నమ్మ ఆ తూటాలకి చనిపోయింది. సినిమా హీరోల పుట్టినరోజులన్నీ నోటికొచ్చిన పిల్లలకి ఈ పేరు తెలీదు. స్వాతంత్ర్య సమరయోధుడు గౌతు లచ్చన్న గారు మన బారువలో 1909 ఆగస్టు 16న పుట్టారు. అంటే జెండా పండగ మర్నాడే, కాబట్టి పిల్లలకి ఆ తారీకు చెప్తే మర్చిపోరు. పిల్లలు ఇంటికెళ్ళి తాతనో అవ్వనో అడిగి రాసుకురావాలి, నెట్‌లోది కాపీ కొడితే నాకు రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది.

మన ఊళ్ళలో మిలిటరీ ఇల్లు లేని వీధి తక్కువ. సెలవు మీద వచ్చినవాణ్ణో, రిటైరయినవాణ్ణో స్టేజీ ఎక్కించి శాలువా కప్పి "దేశం కోసం ప్రాణాలు" అని మనమే మాట్లాడేసి దింపేస్తాం. పాపం ఆయన చేతులు కట్టుకుని నిలబడతాడు. అలా కాకుండా పిల్లల మధ్య కుర్చీ వేసి ప్రశ్నలు అడగనివ్వండి. మొదటి జీతం ఏం చేశారు? మంచుకొండల మీద అన్నం ఎలా వండుకుంటారు? ఎత్తుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, మామూలు గిన్నెలో అన్నం పలుకుగానే ఉండిపోతుంది, కుక్కరు తప్పదు. ఈ సంగతి ఆయన నోట విన్న పిల్లాడు సైన్సు పుస్తకంలో ఆ పాఠం వచ్చినప్పుడు చెయ్యెత్తుతాడు. సరిహద్దులో ఏ చోట డ్యూటీ చేశారని మాత్రం మరీ గుచ్చి అడగొద్దని ముందే చెప్పండి.

సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళకి ఇంకో మాట. గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వలసపోయి, పడవలు సరిహద్దు దాటాయని 2018 నవంబరులో పాకిస్తాన్‌వాళ్ళకి పట్టుబడ్డ మన జాలర్లున్నారు. కరాచీ జైల్లో ఏడాది దాటి గడిపి, 2020 జనవరిలో ఇరవైమంది వాఘా సరిహద్దు మీదుగా తిరిగొచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళే. అలాంటి మనిషి మీ ఊళ్ళో ఉంటే, చెప్పడానికి ఇష్టపడితేనే, పిలవండి. పిల్లలు దగ్గర కూచుని వినాలి, మైకు వద్దు, సెల్లు వీడియో అసలే వద్దు. దేశం అంటే మేపులో గీత కాదని చెప్పడానికి ఆయన కంటే మంచి మాస్టారు మీకు దొరకడు. అప్పుడు ఒక ప్రశ్న కూడా దానంతటదే వస్తుంది: ఇంటి ముందే సముద్రం ఉండగా అంత దూరం వేటకి ఎందుకు వెళ్ళాల్సొచ్చింది? ఆ ప్రశ్నని ఆపకండి. గ్రామసభలో పడవలు ఆపుకునే జెట్టీ గురించీ పని గురించీ అడిగితే దేశాన్ని తక్కువ చేసినట్టు అనుకునేవాళ్ళుంటారు. నాకు మాత్రం అడిగే ఊరంటేనే గౌరవం.

వీలైతే ఆ వారంలోనే ఒక పూట పిల్లల్ని పొందూరు తీసుకెళ్ళండి, ముందు ఫోను చేసి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారు. చిన్న చిన్న పళ్ళున్న ఆ ఎముకని పత్తి మీద లాగుతుంటే గింజని పట్టుకున్న పీచు దువ్వినట్టు నిఠారుగా వచ్చేస్తుంది, నలుసులు కింద రాలిపోతాయి. అలా దువ్వి, ఏకి, వడికితే నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు కూడా వస్తుంది. చేసేది ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్ళే. వాళ్ళకి రోజుకి ఎంత గిడుతుందో పిల్లల చేత అడిగించండి. జవాబు విన్నాక బస్సులో అల్లరి తగ్గుతుంది. తిరిగొచ్చాక ఒక్కొక్కళ్ళ చేత నాలుగు వాక్యాలు రాయించి, జెండా దగ్గర చదివించండి.

తినడానికి బూందీ మిఠాయి చాలు, ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పంచొద్దు. కాగితం జెండాలు పిల్లలకి ఇస్తే మీరే తిరిగి తీసుకోవాలి. మధ్యాహ్నానికి మురికి కాలవలో తేలేవి అవే. గేటు దగ్గర ఒక పెద్ద గుంటడికి సంచి ఇచ్చి నిలబెట్టండి, జెండా ఇచ్చినవాడికే మిఠాయి.

2022 జూలై నుంచి ఇంటిమీద జెండా పగలూ రాత్రీ ఉంచొచ్చు. వీధి జెండాని అయితే నేను సాయంత్రం దింపించేస్తాను, గాలీ వానా వచ్చి చిరిగితే చూసేవాడుండడు. తడిసుంటే నీడలో ఆరెయ్యండి. కాషాయం, ఆకుపచ్చ రెండూ తెలుపు కిందకి వెళ్ళేట్టు మడిచి, తర్వాత రెండు కొసలనుంచీ మధ్యకి మడిస్తే చక్రం పైకి కనిపిస్తుంది. అలా పెట్టెలో పెట్టండి. చిరిగినదాన్ని తుడుపు గుడ్డ చెయ్యకండి, చెత్తలో వెయ్యకండి. నలుగురి కళ్ళ ముందు కాకుండా, ఒక పక్కన మర్యాదగా కాల్చెయ్యాలి. తాడు మాత్రం విప్పి, చుట్టి, పంచాయతీ ఆఫీసులో కాకుండా ఎవరో ఒక కుర్రాడి ఇంట్లో పెట్టించండి. ఆఫీసు తాళం జనవరి 25 రాత్రి దొరకదు.